నిగ్రహం కృపకు విరోధి కాదు

మన సంఘాల్లో ఒక మాట ఇప్పుడు సిద్ధాంతమంత బలం పుంజుకుంది. ప్రార్థనకు వేళ, చోటు, క్రమం అక్కర్లేదట. దేవుడు హృదయాన్ని చూస్తాడు గనుక బస్సులో వెళ్తున్నా, వంట చేస్తున్నా, ఫోను చూస్తున్నా మనసులో ఒక మాట అనుకుంటే చాలట. మనసు నిలవకపోతే బాధపడనవసరం లేదట, అది అందరికీ ఉండేదేనట. నియమం పెట్టుకొని మోకరించడం ధర్మశాస్త్రం కిందికి తిరిగి వెళ్లడమేనట. ఈ మాట ప్రసంగాల్లో వినిపిస్తోంది, యువజన కూటాల్లో చప్పట్లు కొట్టించుకుంటోంది, వాట్సాప్ స్టేటస్‌ల్లో రోజూ కనిపిస్తోంది. వినేవాళ్లకు గొప్ప ఊరట ఇస్తోంది కూడా. కానీ ఇది తప్పు. వాక్యానికి విరుద్ధం, సంఘ చరిత్రకు విరుద్ధం, మోకాళ్ల మీద ఏ కాస్త సమయం గడిపినవారి అనుభవానికైనా విరుద్ధం. దీన్ని నమ్ముకొని ఒక తరం విశ్వాసులు ప్రార్థన రుచి తెలియకుండానే పెరుగుతున్నారు. అందుకే ఈ ఖండన.

ఈ వాదన ఊరికే పుట్టలేదని ముందే ఒప్పుకోవాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేవనివాడు అసలు విశ్వాసే కాదన్నట్టు మాట్లాడిన పెద్దలు మనకున్నారు. ఎన్ని శుక్రవారాలు ఉపవాసం ఉన్నారో లెక్క చెప్పి, దాన్నిబట్టి ఆత్మీయతకు మార్కులు వేసినవాళ్లు ఉన్నారు. పసిబిడ్డతో రాత్రంతా మేలుకొని, ఉదయం ప్రార్థనకు రాలేకపోయిన తల్లిని సంఘమంతటి ముందూ తప్పుబట్టిన సందర్భాలూ ఉన్నాయి. అలాంటి చోట నలిగిపోయినవారికి ‘కృప చాలు’ అన్న మాట గాయానికి మందులా తగిలింది. ఆ నొప్పి నిజం, ఆ మందు అవసరం. అయితే నియమాన్ని దుర్వినియోగం చేసినవారి మీద కోపంతో నియమాన్నే పారేయడం మొదలైంది. అక్కడ దారి తప్పాం.

మొదటి వాదన, కృప ఉన్నచోట నిగ్రహం అక్కర్లేదన్నది. దీనికి జవాబు పౌలే ఇచ్చాడు. ధర్మశాస్త్ర క్రియల మీద ఆయన అత్యంత తీవ్రంగా కలం ఎత్తింది గలతీయులకు రాసిన పత్రికలో. విశ్వాసికున్న స్వాతంత్ర్యాన్ని అంత గట్టిగా చాటిన పత్రిక మరొకటి లేదు. ఆ పత్రికలోనే అయిదో అధ్యాయంలో ఆత్మఫలాన్ని వివరిస్తూ, ప్రేమతో మొదలుపెట్టి ఆశానిగ్రహంతో ముగించాడు. నిగ్రహం శరీరక్రియల జాబితాలో లేదు, ధర్మశాస్త్రపు కాడి జాబితాలో లేదు, పరిశుద్ధాత్మ కాయించే ఫలంలో ఉంది. తీతుకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో మరింత సూటిగా చెప్పాడు. అందరికీ రక్షణ తెచ్చిన దేవుని కృపే లోకసంబంధమైన కోరికలను విసర్జించి స్వస్థబుద్ధితో బతకడం నేర్పుతుందని అక్కడ ఉంది. కృప మనకు ఉపాధ్యాయురాలైతే, నిగ్రహం ఆమె చెప్పే పాఠం. ఉపాధ్యాయురాలిని పొగుడుతూ పాఠం మానేయమనడం ఏం న్యాయం?

పేతురు ఇంకా దగ్గరికి వచ్చి చెప్పాడు. మొదటి పత్రిక నాలుగో అధ్యాయం ఏడో వచనంలో స్వస్థబుద్ధినీ మెలకువనూ ఆయన నేరుగా ప్రార్థనకే ముడిపెట్టాడు. ప్రార్థించడం కోసమే మనసును అదుపులో పెట్టుకోమన్నాడు. గెత్సేమనేలో మెలకువగా ఉండలేక నిద్రపోయిన శిష్యుల్లో పేతురు ఒకడు. మెలకువ లేని రాత్రి ఎక్కడికి తీసుకుపోతుందో కోడి కూసేలోపే తెలుసుకున్నవాడు ఆయన. అలాంటివాడు రాసిన ఈ మాటను విశ్వాసులు తేలిగ్గా దాటిపోకూడదు.

కృపకు మన కాలంలో తామే కాపలాదారులమని చెప్పుకునేవారు మార్టిన్ లూథర్‌ను ఒకసారి గుర్తు చేసుకోవాలి. విశ్వాసం ద్వారానే నీతిమంతులమవుతామని యూరప్ అంతటినీ కుదిపేసిన మనిషి ఆయన. ఆయన పేరు పెట్టుకున్న సంఘం గుంటూరు ప్రాంతంలో 1842 నుంచీ వేళ్లూనుకొని ఉంది. ఆ లూథర్ 1535లో విట్టెన్‌బర్గ్‌లోని తన మంగలి పీటర్ కోసం ప్రార్థన ఎలా చేయాలో చెబుతూ ఒక చిన్న పుస్తకం రాశాడు. హృదయాన్ని దేవుడు చూస్తాడులే, ఎలాగైనా చేసుకో అని అందులో రాయలేదు. పొద్దున్నే చేసే మొదటి పని, రాత్రి చేసే చివరి పని ప్రార్థనే కావాలన్నాడు. ముందు ఈ పని ముగించి ఒక గంటాగి చేద్దాం అనే ఆలోచనే అతి ప్రమాదకరమని హెచ్చరించాడు. పనుల వల్ల మనసు చల్లబడినప్పుడు తాను కీర్తనల గ్రంథం తీసుకొని గదిలోకి వెళ్లి, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం చెప్పుకుంటూ మనసును వేడెక్కించుకుంటానని వివరించాడు. మంచి మంగలి తన చూపునూ ధ్యాసనూ కత్తి మీద, వెంట్రుకల మీద నిలుపుతాడనీ, కబుర్లలో పడి చూపు తిప్పితే ఎదుటివాడి గొంతో ముక్కో తెగుతుందనీ గుర్తు చేశాడు. గడ్డం గీయడానికే అంత ధ్యాస కావాలంటే దేవునితో మాట్లాడడానికి ఇంకెంత కావాలన్నది ఆయన ప్రశ్న. కృపను అంతగా ఎరిగినవాడికి నిగ్రహం అవసరమైంది. మనకు అక్కర్లేకుండా పోయేంత ఎత్తుకు మనం ఎప్పుడు ఎదిగాం?

రెండో వాదన, ఎక్కడున్నా ఏ పని చేస్తున్నా ప్రార్థించవచ్చు గనుక ప్రత్యేకంగా తలుపు వేసుకొని కూర్చోనక్కర్లేదన్నది. ఎడతెగక ప్రార్థించమన్న పౌలు మాట దీనికి ఆధారంగా చూపిస్తారు. అయితే యేసు ఏం చేశాడో చూడాలి. తండ్రితో ఎడతెగని సహవాసం ఎవరికైనా ఉన్నదంటే అది ఆయనకే. ప్రత్యేకమైన వేళ, చోటు ఎవరికైనా అక్కర్లేకపోతే ఆయనకే అక్కర్లేదు. అయినా మార్కు మొదటి అధ్యాయంలో, కపెర్నహూములో పొద్దుగూకాక ఊరంతా వాకిట చేరి రోగులు స్వస్థత పొందిన ఆ రాత్రి గడవగానే, ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడు. సీమోను వెతుక్కుంటూ వచ్చి అందరూ నీకోసం వెతుకుతున్నారన్నాడు. ఆయన ఆ గుంపు దగ్గరికి తిరిగి వెళ్లలేదు, వేరే ఊళ్లకు వెళ్దాం రమ్మన్నాడు.

ఆ ఉదయం యేసు ఒక చెడ్డ పనిని మానుకోలేదు. రోగులను స్వస్థపరచడమనే మంచి పనినే కాసేపు ఆగమన్నాడు. లూకా అయిదో అధ్యాయంలోనూ అంతే. ఆయన కీర్తి వ్యాపించి జనం గుంపులుగా వస్తుంటే ఆయన అరణ్యాలలోకి వెళ్లి ప్రార్థిస్తూ వచ్చాడు. అయిదు వేలమందికి ఆహారం పెట్టిన సాయంత్రం శిష్యులను దోనె ఎక్కించి పంపి, జనసమూహాన్ని పంపివేసి, ఒంటరిగా కొండెక్కాడు. ఏకాంతం ఆయనకు దానంతటది దొరకలేదు. పంపాల్సినవారిని పంపి, వదలాల్సింది వదిలి ఆయన దాన్ని సంపాదించుకున్నాడు. మత్తయి ఆరులో గదిలోకి వెళ్లి తలుపు వేసుకొమ్మని శిష్యులకు చెప్పినప్పుడు తాను పాటించని మాట చెప్పలేదు. పరిచర్య బరువుతో తీరిక లేదనే సేవకులు, సంఘ పనులతో ఊపిరాడడం లేదనే పెద్దలు ఈ భాగాలను మళ్లీ చదవాలి. మంచి పనులే చాలాసార్లు ప్రార్థనకు అడ్డుపడతాయి. వాటిని ఆపడానికే ఎక్కువ నిగ్రహం కావాలి.

ఒక్క క్షణంలో మనసులో అనుకునే ప్రార్థనకు నెహెమ్యాను ఉదాహరణగా చూపించడం రివాజు. రాజు అర్తహషస్త ఏమి కావాలని అడిగినప్పుడు, జవాబు చెప్పేలోపే నెహెమ్యా పరలోకమందలి దేవునికి ప్రార్థించాడు. నిజమే, అది క్షణకాలపు ప్రార్థన. అయితే ఆ ఉదాహరణ చెప్పేవారు రెండో అధ్యాయం నుంచే చదవడం మొదలుపెడతారు. మొదటి అధ్యాయంలో కిస్లేవు నెలలో యెరూషలేము వార్త విని, నెహెమ్యా కూర్చొని ఏడ్చి, ఉపవాసముండి, పగలూ రాత్రీ విజ్ఞాపన చేశాడు. రాజు ముందు నిలిచింది నీసాను నెలలో. మధ్యలో దాదాపు నాలుగు నెలలు గడిచాయి. ఆ క్షణపు ప్రార్థనకు వెనక ఆ ఉపవాసం, కన్నీరు ఉన్నాయి. వాటిని తీసేసి ఆ ఒక్క క్షణాన్ని మాత్రమే ఆదర్శంగా చూపిస్తే అది వాక్యానికి అన్యాయం.

వంటింట్లో ప్రార్థన అనగానే చెప్పే పేరు మరొకటి ఉంది. పారిస్‌లోని కర్మెలీయ మఠంలో వంటపని చేసి, 1691లో చనిపోయిన బ్రదర్ లారెన్స్‌ది ఆ పేరు. గిన్నెల చప్పుడు మధ్య కూడా ప్రార్థనా వేళలో ఉన్నంత నెమ్మదిగా దేవునితో ఉండగలిగాడని ఆయన్ను తలుస్తారు. అది సత్యమే. కానీ ఆ స్థితి ఆయనకు మఠంలో చేరిన మొదటి నెలలో వచ్చింది కాదు. మొదటి పదేళ్లు ఎంతో వేదన పడ్డానని ఆయనే చెప్పాడు. మనసు పక్కకు పోయిన ప్రతిసారీ విసుక్కోకుండా వెనక్కు తెచ్చుకోవడమే ఆయన సాధన. ప్రార్థనలో మనసు నిలవడం లేదని రాసిన ఒకరికి జవాబిస్తూ, మిగతా వేళల్లో దాన్ని మరీ దూరం తిరగనివ్వకపోతే ప్రార్థన వేళ తేలిగ్గా దొరుకుతుందని సలహా ఇచ్చాడు. వంటింటి ప్రార్థన పేరుతో నిగ్రహాన్ని కొట్టిపారేసేవారు సాక్షిగా పిలిచిన మనిషే వారికి విరోధంగా సాక్ష్యమిస్తున్నాడు.

లారెన్స్ సలహాలో ఈ చర్చకంతటికీ మూలమైన సత్యం ఉంది. ప్రార్థనలో చెదిరే మనసు ప్రార్థనలో చెదరడం మొదలుపెట్టదు. అంతకుముందే, రోజంతా చెదిరి ఉంటుంది. మోకరించినప్పుడు అది మనకు కనబడుతుంది, అంతే. ఈ సంగతిని ఆయనకన్నా చాలా ముందే ఐగుప్తు ఎడారిలోని సన్యాసులు కనిపెట్టారు. జాన్ కాసియన్ తన స్నేహితుడు గెర్మానుస్‌తో కలిసి స్కేతిస్ ఎడారికి వెళ్లి, అబ్బా ఐజాక్ అనే పెద్దాయన దగ్గర ప్రార్థన గురించి అడిగి తెలుసుకున్నదంతా అయిదో శతాబ్దం తొలి దశాబ్దాల్లో గ్రంథంగా రాశాడు. ప్రార్థనకు ముందు మనసులోకి ఏది పోనిచ్చామో అదే ప్రార్థనలో తిరిగి లేస్తుందన్నది అందులోని బోధ. అందుకని ప్రార్థనలో మనలో ఏది ఉండకూడదనుకుంటామో దాన్ని ప్రార్థనకు ముందే బయటికి పంపాలి. కోపంతో కూర్చుంటే కోపమే మాట్లాడుతుంది. వాదులాట తర్వాత కూర్చుంటే ఆ వాదానికి మిగిలిపోయిన జవాబులే నోటికి వస్తాయి.

దీన్ని పాతకాలపు సన్యాసుల మాటగా కొట్టిపారేయడానికి వీల్లేదు. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన అధ్యయనం ఉద్యోగ పనుల గురించి దాదాపు ఇదే తేల్చింది. ఒక పని పూర్తికాకుండా వదిలి మరో పనిలోకి మారినవారి ధ్యాసలో కొంత మొదటి పని దగ్గరే మిగిలిపోతుందనీ, దానివల్ల రెండో పని చెడుతుందనీ ఆమె చూపించింది. ఆఫీసు కాగితాల విషయంలోనే ఇలా ఉంటే, ఇరవై రీల్స్ చూసి, మూడు గ్రూపుల్లో గొడవ చదివి, క్రికెట్ స్కోరు మధ్యలో వదిలి మోకరించినవాడి ధ్యాస ఎక్కడ మిగిలి ఉంటుందో వేరే చెప్పాలా?

ఇక్కడే మూడో వాదన వస్తుంది. ప్రార్థనలో మనసు నిలవకపోవడం సాతాను దాడి అనీ, అభిషేకం తగ్గడం వల్లనే అనీ, ఒక రాత్రి ప్రార్థనకు వచ్చి చేతులుంచి ప్రార్థింపజేసుకుంటే పోతుందనీ చెబుతారు. సాతాను ఉన్నాడనీ, ప్రార్థనను అడ్డుకుంటాడనీ నేను నమ్ముతాను. కానీ అపవాది గర్జించే సింహంలా తిరుగుతున్నాడని చెప్పిన ఆ పేతురు వచనమే నిబ్బరమైన బుద్ధితో, మెలకువతో ఉండమనే ఆజ్ఞతో మొదలవుతుంది. ఎఫెసీ పత్రికలో సర్వాంగ కవచం గురించి చెప్పి, దాని వెంటనే మెలకువగా ఉండి విజ్ఞాపన చేయమన్నాడు పౌలు. దాడి నిజమైతే నిగ్రహం మరింత అవసరమవుతుంది. యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలో ప్రతివాడూ తన సొంత దురాశ చేతనే ఈడ్వబడతాడని స్పష్టంగా చెప్పాడు. అన్నింటికీ సాతాను పేరు చెప్పుకుంటే మన చేతిలో ఉన్నదాన్ని మనం వదలనక్కర్లేదు. రాత్రి కూటంలో కన్నీటితో ప్రార్థింపజేసుకొని, ఇంటికి వెళ్లే దారిలోనే ఫోను తెరిచేవారికి ఆ రాత్రి ఎవరూ చెప్పనిది ఇదే.

ఫోను మాట వచ్చింది గనుక దాన్ని తేలిగ్గా వదలకూడదు. మన పరధ్యానానికి ఇప్పుడు వ్యాపారం తోడైంది. వేలితో పైకి తోసేకొద్దీ అంతం లేకుండా వచ్చే పేజీని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ తర్వాత దాని గురించి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. ఫేస్‌బుక్‌కు తొలి అధ్యక్షుడైన షాన్ పార్కర్ 2017లో, జనం సమయాన్నీ ధ్యాసనూ వీలైనంత ఎక్కువగా ఎలా లాక్కోవాలా అన్న ఆలోచనతోనే దాన్ని కట్టామని ఒప్పుకున్నాడు. 2016 సెప్టెంబరులో జియో రాకతో మన దేశంలో డేటా చవకైంది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించగానే జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలోకి వచ్చాయి. ఒక తలుపు మూతపడ్డ మూడు నెలల్లోపే రెండు తలుపులు తెరుచుకున్నాయి. మన ధ్యాస కోసం ఇంతమంది తెలివైనవాళ్లు ఇంత కష్టపడుతుంటే, దాన్ని కాపాడుకోవడానికి విశ్వాసి ఏ ప్రయాసా పడనక్కర్లేదని బోధించడం కాపరి చేయాల్సిన పని కాదు.

ఫోనుతో ప్రార్థన కూడా చేయవచ్చు కదా అంటారు. నిజమే, కొంతవరకు. చదువు రాని అమ్మకు బైబిలు వినిపించేది ఫోనే. మంచం పట్టిన పెద్దాయనకు ఆదివారం ఆరాధన చూపించేది ఫోనే. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన గోదావరి జిల్లాల, కడప జిల్లా ఆడపడుచులకు సొంత భాషలో నాలుగు మాటలు ప్రార్థించే సహవాసం చాలాసార్లు ఫోనులోనే దొరుకుతుంది. వీటిని నేను కాదనను. కానీ ఆ అక్కరలు చూపించి మిగిలినవాళ్లం దాక్కోకూడదు. ప్రార్థన మనవి గ్రూపులో చదివి, చేతులు జోడించిన బొమ్మ పెట్టి, తర్వాతి సందేశానికి వెళ్లిపోయినప్పుడు ఆ మనిషి కోసం మనం ప్రార్థించలేదు. వాక్యం చదువుతుండగా పైనుంచి దిగిన నోటిఫికేషన్ వెంట వెళ్లిపోయిన మనిషి వాక్యాన్ని ధ్యానించలేదు. కాగితపు బైబిలు ఇంట్లో ఉండి, కళ్లు బాగున్నవాడు ప్రార్థన గదిలోకి ఫోను తీసుకెళ్లడానికి కారణం చెప్పగలగాలి.

మరి తలుపు లేని ఇంట్లో ఉన్నవాళ్ల మాటేమిటన్నది నాకు ఎదురయ్యే అత్యంత బలమైన ప్రశ్న. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇళ్లున్నాయి. తెల్లవారకముందే కూలికి బయల్దేరేవారు, ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే నర్సులు, పసిపిల్లల తల్లులు మన సంఘాల్లో ఎంతోమంది ఉంటారు. వారికి గంటల లెక్క పెట్టే హక్కు ఎవరికీ లేదు. దేవుడు వారి అలసటను ఎరుగును. అయితే వారి పేరు చెప్పి నిగ్రహాన్ని తోసేసేవారు ఒక సంగతి గమనించడం లేదు. ఆ తల్లికి తలుపు లేకపోవడానికి చాలాసార్లు కారణం ఇంట్లోని మిగతావారి నిగ్రహలేమి. టీవీ కట్టేయని భర్త, అన్నం పెట్టేదాకా ఫోనులోంచి తలెత్తని కొడుకు, ఎంగిలి కంచం కూడా తీయని కూతురు, వీరందరి సౌఖ్యం ఆమె ప్రార్థనా సమయాన్ని తినేస్తోంది. భర్త అరగంట టీవీ కట్టేసి, బిడ్డను ఎత్తుకొని బయటికి వెళ్తే ఆ అరగంట ఆమెకు గది అవుతుంది. భార్యలను సన్మానించమనీ, లేకపోతే ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందనీ పేతురు పురుషులను హెచ్చరించిన మాట ఈ ఇళ్లకు నేరుగా తగులుతుంది. మార్తను యేసు మందలించిన భాగం స్త్రీలకు ప్రసంగించే బోధకులు, ఆ ఇంటి వంట ఎవరు పంచుకోవాలన్న ప్రశ్న పురుషులకూ వేయాలి. ఒకరి నిగ్రహం మరొకరికి ఏకాంతాన్ని ఇస్తుంది. నిగ్రహం ప్రేమకు సంబంధించినదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

నేను సమర్థించే నిగ్రహానికి హద్దు కూడా చెప్పాలి. మనసు ఒకసారి పక్కకు పోవడం పాపం కాదు. పోయిన మనసును గమనించి వెనక్కు తెచ్చుకోవడం ప్రార్థనలో ఒక భాగమే. అబ్బా ఐజాక్ కాసియన్‌కు నేర్పించింది కూడా, డెబ్బయ్యో కీర్తన మొదటి వచనంలోని సహాయం కోరే మొరను పదేపదే పలుకుతూ మనసును దేవుని వైపు తిప్పుకోవడమే. అది తన బలాన్ని నమ్ముకున్నవాడి సాధన కాదు, సహాయం లేకపోతే నిలవలేనని తెలిసినవాడి మొర. శరీరాన్ని ఊరికే హింసించుకోవడం ఏ ప్రయోజనమూ లేని పని అని కొలొస్సీ పత్రిక రెండో అధ్యాయం తేల్చింది. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉండేవాడినని దేవునికే చెప్పుకున్న పరిసయ్యుడు నీతిమంతుడిగా ఇంటికి వెళ్లలేదు. పనివారిని పీడిస్తూ చేసే ఉపవాసాన్ని యెషయా యాభై ఎనిమిదో అధ్యాయం తిరస్కరించింది. కాబట్టి నిగ్రహం ప్రదర్శన అయితే వ్యర్థం, కఠినత్వం అయితే హానికరం. ఇతరులను కొలిచే కొలబద్ద అయితే అది పాపం. ఆ తప్పులన్నీ నిజమే. వాటికి విరుగుడు సరైన నిగ్రహం. నిగ్రహాన్నే వదిలేస్తే పరిసయ్యుడి గర్వం పోదు, ఆ ఉపమానంలోని సుంకరి పశ్చాత్తాపం కూడా రాదు.

సంఘాలు కూడా తమను తాము పరీక్షించుకోవాలి. మన ఆరాధనల్లో ఒక నిమిషం మౌనం దొరకడం కష్టమైపోయింది. ప్రార్థన జరుగుతున్నంతసేపూ కీబోర్డు మోగుతూనే ఉంటుంది. సౌండ్ బాక్సుల ముందు పక్కవాడి ఏడుపు కూడా వినబడదు. కెమెరా లైవ్‌లో ఉంది గనుక ఖాళీ క్షణమే రాకూడదన్న భయం వేదిక మీద ఉంది. బయట రోజంతా చప్పుడులో బతికే మనిషి మందిరంలోనూ చప్పుడులోనే ఉంటే దేవుని ముందు నిశ్శబ్దంగా ఉండడం అతనికి ఎవరు నేర్పుతారు? ఇది మనకు తెలియని సంగతి కాదు. 1938లో బైబిలు మిషను స్థాపించిన దేవదాసు అయ్యగారు దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టడాన్ని తన బోధలో ముఖ్యంగా నిలిపారు. ఒంగోలులో 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, మరికొద్దిమంది తెలుగు విశ్వాసులు కొండెక్కి మోకరించారు. ఫలం లేదని ఆయన పనిచేస్తున్న తెలుగు మిషనును మూసేయాలన్న చర్చ అమెరికాలో నడుస్తున్న రోజులవి. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ సంఖ్యను చెప్పుకునేవారు దానికి ఇరవై నాలుగేళ్ల ముందు చలిలో నిద్ర మానుకొని కొండెక్కినవారిని కూడా చెప్పుకోవాలి. వారిని చూడడానికి ఆనాడు ఎవరూ లేరు.

ఇక చేయాల్సింది చెబుతాను. రోజులో ఒక వేళను ఎంచుకోండి. పదిహేను నిమిషాలైనా సరే, దాన్ని మార్చకండి. ఆ వేళకు ముందు కనీసం అరగంట తెర చూడకండి. రాత్రి ఫోనును పడకగది బయట పెట్టి, లేవడానికి అలారం గడియారం కొనుక్కోండి. ఎవరితోనైనా గొడవ పడి ఉంటే, మత్తయి అయిదో అధ్యాయంలో ప్రభువు చెప్పినట్టు మొదట సమాధానపడి తర్వాత మోకరించండి. మనసు పక్కకు పోతే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, ఒక వచనం పట్టుకొని తిరిగి రండి. కుటుంబంలో ఎవరి ప్రార్థనకు చోటు లేదో చూసి, వారికి ఆ చోటు మీరు ఇవ్వండి. కాపరులారా, ఆదివారం ఆరాధనలో రెండు నిమిషాలు మైకు, కీబోర్డు, కెమెరా మూడూ ఆపి సంఘాన్ని దేవుని ముందు ఊరకుండనివ్వండి. సంఘ సభ్యుల్ని ఉపవాసం గురించి ప్రశ్నించే ముందు మీ ఏకాంతం గురించి మీరే ప్రశ్నించుకోండి.

ప్రార్థనలో మనసు నిలవడం లేదని కన్నీళ్లతో వచ్చినవారికి ఫర్వాలేదు, దేవుడు హృదయాన్ని చూస్తాడులే అని చెప్పి పంపడం దయ అనిపించుకోదు. దేవుడు హృదయాన్ని చూస్తాడన్నది నిజం గనుకే, ఆ హృదయాన్ని రోజంతా ఎవరి చేతుల్లో పెడుతున్నామో మనం జవాబు చెప్పాలి. కృపను నమ్మేవారందరినీ నేను అడిగేది ఒక్కటే. ఆ కృప నేర్పే నిగ్రహాన్ని కూడా నమ్మండి. రేపటికి వాయిదా వేయకుండా, ఈ రాత్రి నుంచే ఆచరించండి.